విరాట్ విమానవాహక నౌక మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

డెక్కు_మనిషి (విజయనగరం):
ఈ విభాగంలో ఆర్మీ వాళ్ల కబుర్లు బోలెడు చదివాను. నేవీ వాళ్లు అరుదుగా కనిపిస్తున్నారు. వాళ్లలో విమానవాహక నౌక మీద చేసినవాళ్లు ఒక్కరూ తగల్లేదు. అందుకే నేనే మొదలెడుతున్నా.

ఐ.ఎన్.ఎస్. విరాట్ మీద ఎయిర్‌క్రాఫ్ట్ హ్యాండ్లర్‌గా చేశాను. తొంభైల్లో ఒక దఫా, ఆపరేషన్ పరాక్రమ్ రోజుల్లో (2001-02లో పాకిస్తాన్ మీదకి మన సైన్యాన్ని మోహరించినప్పుడు) మళ్లీ ఒక దఫా. హ్యాండ్లర్ అంటే విమానం నడిపేవాడూ కాదు, బాగుచేసేవాడూ కాదు. హ్యాంగర్లోంచి లిఫ్టు మీద పైకి తేవాలి, డెక్కు మీద చోటు చూసి నిలబెట్టాలి, గొలుసులు కట్టాలి, విప్పాలి, దిగినదాన్ని మళ్లీ కట్టాలి. నిప్పంటుకుంటే ముందు పరిగెత్తేదీ మేమే. ఊళ్లో చెబితే "ఓస్, పార్కింగా!" అనేవాళ్లు. సరే, పార్కింగే అనుకోండి. కాకపోతే నిలబెట్టే చోటు ఊగుతుంటుంది, పక్కన గోడకు బదులు అరేబియా సముద్రం ఉంటుంది.

ఓడది మా నాన్న ఈడు. 1944లో ఇంగ్లండులోని బారో రేవులో కట్టడం మొదలెట్టి, 1959లో హెర్మీస్ పేరుతో వాళ్ల నేవీలో చేర్చుకున్నారు. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో వాళ్ల దళానికి పెద్ద ఓడ అదే. మనం కొనుక్కుని 1987 మే 12న విరాట్ అని పేరు పెట్టాం. ఇప్పుడు ఇంగ్లండుకు రాజైన చార్లెస్ కుర్రతనంలో దాని మీంచి హెలికాప్టర్ నడిపాడు. ఆ సంగతి కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాళ్లం, వాడు అడగకపోయినా.

మీకు ఒక పొద్దు చూపిస్తాను. ఫ్లయింగ్ మొదలయ్యే ముందు డెక్కు మీద ఫాడ్ వాక్ ఉంటుంది. చేతిలో పని లేనివాడల్లా పైకి రావాలి. ఈ చివర నుంచి ఆ చివర దాకా భుజం భుజం ఆనించి వరసగా నిలబడి, తలొంచుకుని, డెక్కు ముందు కొసన పైకి వంగి ఉండే స్కీ జంప్ వైపు మెల్లగా నడవాలి. పడిపోయిన నట్టు, తెగిన తీగ ముక్క, రివెట్ తల, పెయింటు పెచ్చు, ఏది కనబడినా ఏరి సంచిలో వెయ్యాలి. మా యుద్ధవిమానం హారియర్ ఇంజన్ గాలి పీలిస్తే చిన్న వాషర్ కూడా లోపలికి పోతుంది, ఇంజన్ పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. ఆఫీసర్లు, గుమాస్తా పని చేసే రైటర్లు, వంటవాళ్లు, అందరూ ఆ వరసలోనే. ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన పావుగంట అదే. ఎవడూ ఎవడికీ సెల్యూట్ కొట్టడు, అందరూ నేలనే చూస్తుంటారు.

ఇక హారియర్ దిగడం. అది రన్‌వే మీద దిగే విమానాల్లా రాదు. ఎడమ పక్కగా వచ్చి, ఓడ ఎంత వేగంతో పోతుందో అంతే వేగంతో గాల్లో నిలబడుతుంది. తర్వాత పక్కకి జరుగుతుంది, డెక్కు మీదకి వచ్చాక దభీమని కూర్చుంటుంది. చెవులకి డిఫెండర్లు ఉంటాయి గాని ఆ మోత చెవులతో వినేది కాదు, పక్కటెముకల్లో తెలుస్తుంది. పసుపు జెర్సీ డైరెక్టర్ చేతులు చూసి పైలట్ కదులుతాడు, పైలట్‌ని చూసి మేము కదులుతాం. రెక్కల చివర చిన్న చక్రాలు తాకాయా, చాక్‌లూ (చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు) గొలుసులూ పట్టుకుని వంగి పరుగు. కొక్కెం డెక్కు గుంటలో పడి గొలుసు బిగుసుకున్నప్పుడు చేతికి ఒక ఊపు తగులుతుంది చూడండీ, దానికోసం మళ్లీ రమ్మంటే ఇప్పుడైనా వెళ్తాను. మోకాళ్లు ఒప్పుకోవు అనుకోండి.

ఎవరున్నారు? చెయ్యెత్తండి.

బాయిలర్_అప్పన్న (శ్రీకాకుళం):
నానున్నాను బాబూ. స్టోకర్ని, బాయిలర్ కాడ మంట సూసుకునీవోణ్ణి. ఇప్పుడు ఎం.ఇ. అంటున్నారు గాని నాకు స్టోకరే ఇష్టం.

మీరు డెక్కు మీద గాలి తిన్నోళ్లు, సముద్రం సూసినోళ్లు. మాకేటి కనిపిస్తాది? వాటర్‌లైన్ కింద బాయిలర్ రూము. ఓడ బొంబాయిలో ఉన్నాదో కొచ్చిలో ఉన్నాదో పైనుంచొచ్చినోడు సెప్తే గాని తెలీదు. వారం పైన ఆకాశం సూడకండా ఉన్నాను ఒకసారి. శలవకి ఇంటికెళ్తే మా అమ్మ "సముద్రం ఎలాగుంటాది రా నడిమజ్జిన?" అనడిగింది. ఏటి సెప్పమంటారు? గేజీ సూస్తాం మేం, సముద్రం కాదు.

నాలుగు బాయిలర్లు, ఫర్నేస్ ఆయిల్ మండుతాది. కళ్లు రెండు సోట్ల ఉండాలి. ఒకటి గేజ్ గ్లాసులో నీటిమట్టం. రెండు పొగ. పొగ సూడ్డానికి అద్దాల గొట్టం ఒకటుంటాది. నల్లగొస్తే గాలి సాల్లేదు, తెల్లగొస్తే గాలెక్కువైపోయింది. పొగ కనబడకుండా మంట పెట్టినోడే మొనగాడు. నల్లపొగ లేచిందంటే బ్రిడ్జి మీంచి ఫోన్ ముందే మోగీసీది.

మీరు "ఫ్లయింగ్ స్టేషన్స్" అని మైకులో అనేసరికి మా కాడ ఏటవుద్దో తెలుసునా? ఓడని గాలికెదురు తిప్పాలి, స్పీడు పెంచాలి. ఆయిల్ జల్లే స్ప్రేయర్లు ఒకటొకటే ఎలిగించుకుంటా పోవాలి. మీకు పైన గాలి పెరిగే కొద్దీ మాకు కింద సెగ పెరుగుతాది. ఉప్పు మాత్రలు మింగి నిలబడీవోళ్లం.

ఇంకో మాట. మీ హారియర్ మా నీళ్లు తాగీసేది. ఆ లెక్క నాను మర్సిపోలేదు.

డెక్కు_మనిషి:
అప్పన్న గారూ! నమస్కారం. మిమ్మల్ని కింద చూసే ఉంటాను, చెమట ముసుగులో ఎవరూ గుర్తుపట్టేలా ఉండేవారు కాదుగా.

నీళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతా. గాల్లో నిలబడాలంటే హారియర్ ఇంజన్ మీద భారమంతా పడుతుంది. మన ఎండకి గాలి పల్చబడి ఇంజన్ బలం తగ్గిపోతుంది. అందుకని లోపల ఒక ట్యాంకులో రెండొందల కిలోల పైచిలుకు శుద్ధి చేసిన నీళ్లు ఉంటాయి. దిగే ముందు పైలట్ ఆ నీళ్లని ఇంజన్లోకి వదిలితే లోపలి వేడి తగ్గి, ఇంకాస్త బలం దొరుకుతుంది. నిమిషంన్నరలో ట్యాంకు ఖాళీ. ఆలోగా దిగాల్సిందే. ఇంగ్లండు చలిలో పుట్టిన విమానాన్ని గోవా ఎండలో దించుతుంటే మరేం చెయ్యాలి!

బాయిలర్_అప్పన్న:
అదే కదా. సముద్రం నీళ్లు కాసి మంచినీళ్లు సేసేది మేము. బాయిలర్‌కి ముందు, మీ ఇమానానికి తరవాత, వంటకి ఆ తరవాత. మనిషి ఒంటికి ఆఖర్న. సబ్బు రాసుకున్నాక కొళాయి కట్టేస్తే ఎవుణ్ణి తిట్టాలి?

కోనసీమ_కుక్కు:
ఆయ్, తిట్టిందంతా మమ్మల్నే కదండీ!

నేను గ్యాలీలో చేసానండి. విరాట్ మీద కొన్నాళ్లు, వేరే ఓడల మీద మిగతాది. పెద్ద ఓడ తక్కువ ఊగుద్దంటారు గానీ వానాకాలం అరేబియాలో అదీ ఊగుద్దండి. అలాంటప్పుడు సాంబారు కాపర్ (పెద్ద గంగాళం) నిండా కాయకూడదు, సగానికే ఆపాలి. పొయ్యి చుట్టూ కడ్డీలుంటాయి, గిన్నెలు జారకుండా. పప్పు తొణికి కిందపడితే అది వంటగది కాదు, జారుడుబండ.

వెయ్యిమంది పైన తినేవాళ్లు, వాళ్లలో డ్యూటీ మారేవాళ్లకి అర్ధరాత్రి కూడా ఏదోటి పెట్టాలి. చపాతీ తినేవాళ్లు "ఎప్పుడూ అన్నమేనా" అంటారు, మనవాళ్లు "ఎప్పుడూ చపాతీయేనా" అంటారు. విక్రమాదిత్య అనే ఇంకో వాహక నౌక 2013లో వచ్చినప్పుడు ప్రభుత్వమే చెప్పింది, నెలకి దాదాపు లక్ష గుడ్లు, 20,000 లీటర్ల పాలు, 16 టన్నుల బియ్యం కావాలని. ఆ ఓడ మీద పదహారొందల మందనుకుంటే తలకి నెలకి పది కిలోల బియ్యం. మా అమలాపురం వాడికి ఏం సరిపోద్దండీ!

ఆవకాయ గురించి చెప్పకపోతే పాపం తగుల్తుంది. సెలవు నుంచి వచ్చిన ప్రతి తెలుగువాడి కిట్‌లోనూ హార్లిక్స్ సీసాలో ఆవకాయ ఉండేది. లాకర్లో అడ్డంగా పడి నూనె కారితే పక్కవాడి తెల్ల యూనిఫాం గతి అంతే. ఒక పంజాబీ పెట్టీ ఆఫీసర్ గారు ఇలాగే కేకలేసి, ఆ సాయంత్రమే చపాతీలో పెట్టుకు తిని, మర్నాటి నుంచి "ఆ గుల్టీ సీసా ఎక్కడ" అని వచ్చేవారు.

కరీంనగర్_తమ్ముడు:
అన్నలూ, మస్తుగున్నయి ముచ్చట్లు. నేను డిగ్రీ సదువుతున్న, అగ్నివీర్ నేవీకి అప్లై చేసిన. కొత్త విక్రాంత్ మీద డ్యూటీ పడాలంటే ఏం చెయ్యాలె? మనం అడిగితే ఇస్తరా?

డెక్కు_మనిషి:
తమ్ముడూ, అడగొచ్చు, ఇవ్వరు. ముందు ఒడిశాలో ఐ.ఎన్.ఎస్. చిల్కాలో శిక్షణ. ఆ తర్వాత బ్రాంచిని బట్టి ఎక్కడికి పంపాలో వాళ్లు చూసుకుంటారు. ఇంజనీరింగ్ అయితే లోనావ్లాలో శివాజీ, ఎలక్ట్రికల్ అయితే జామ్‌నగర్‌లో వల్సురా. విమానాల వైపు వెళ్లాలని ఉంటే ఆ బ్రాంచి కోరుకో, వాహక నౌక ఎక్కే దారి అదే దగ్గర. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో చేర్చుకున్న ఈ విక్రాంత్ 262 మీటర్లు, విరాట్ 226. గ్యాస్ టర్బైన్లు కాబట్టి అప్పన్న గారి కష్టం నీకుండదు.

బాయిలర్_అప్పన్న:
గ్యాస్ టర్బైనంటే బటన్ నొక్కుడే. అదీ ఒక ఇంజనేనా.

అలిజే_అబ్బాయి:
మా నాన్నగారు పాత విక్రాంత్ (మన మొదటి విమానవాహక నౌక) మీద, 1971లో. అలిజే విమానాలకి ఎలక్ట్రీషియన్. ఇప్పుడు లేరు కాబట్టి ఆయన తరఫున నేను చెయ్యెత్తుతున్నా.

ఆయన ఎప్పుడూ చెప్పే కథ విజయం గురించి కాదు, పగిలిన బాయిలర్ గురించి. (అప్పన్న గారికి నచ్చుతుంది.) నాలుగు బాయిలర్లలో ఒకదానికి పగులు. మిగతావాటినీ పూర్తి ఒత్తిడితో నడపడానికి భయం. ఈ ఓడని యుద్ధానికి పంపాలా వద్దా అన్న చర్చ పైవాళ్ల దాకా వెళ్లింది. చివరికి బంగాళాఖాతానికి పంపారు. కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్. డిసెంబర్ 4 ఉదయం సీ హాక్ యుద్ధవిమానాలు తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్)లోని కాక్స్ బజార్ మీదకి వెళ్లాయి, తర్వాత చిట్టగాంగ్. ఓడ వేగం తక్కువ, పైగా ఆ రోజుల్లో సముద్రం మీద గాలి లేదు. ఎదురుగాలి లేకపోతే బరువైన అలిజేని క్యాటపుల్ట్ విసిరినా లేస్తుందో లేదో తెలియదు. నాన్నగారు విమానం వదిలాక చివర దాకా చూసేవారట, అంచు దాటాక కిందికి దిగినట్టు కనిపించి మళ్లీ లేచే దాకా ఊపిరి బిగబట్టి. "బాంబులేసింది వాళ్లు, చెమటలు పట్టింది మాకు" అనేవారు.

విక్రాంత్ 1997 జనవరిలో రిటైరైంది. ముంబైలో మ్యూజియంగా ఉన్నప్పుడు నన్ను తీసుకెళ్లారు. ఆయన బంకు ఉన్న కంపార్ట్‌మెంట్‌కి సందర్శకుల్ని పోనివ్వరు. గార్డుతో హిందీలో అరగంట మాట్లాడి మరీ పోయారు. 2014లో విరగ్గొట్టడం మొదలైంది. ఆ ఇనుము కొంత కలిపి 2016లో బజాజ్ వాళ్లు 'వి' అనే బండి తెచ్చారు కదా, వచ్చిన నెలలోనే కొనమన్నారు. నాకు అప్పటికే బండి ఉంది. అయినా కొన్నాం. ఆయనకి నడపడం రాదు, వెనక కూర్చునేవారు.

బీచ్‌రోడ్_వాసి (విశాఖ):
1971 అన్నారు కాబట్టి మా ఊరి సంగతి. పాకిస్తాన్ వాళ్ల ఘాజీ జలాంతర్గామి విక్రాంత్‌ని వెతుక్కుంటూ విశాఖ దాకా వచ్చింది. విక్రాంత్ అప్పటికి అండమాన్లలో దాక్కుని ఉంది. ఇక్కడే ఉందని నమ్మించడానికి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ మన బజార్లో కాంట్రాక్టర్లకి పెద్ద ఓడకి సరిపడా సరుకులు ఆర్డరిచ్చారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయర్ విక్రాంత్‌లా వైర్‌లెస్ సందేశాలు పంపింది. ఓడ మీది నావికుడు తల్లికి ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నట్టు మామూలు టెలిగ్రాం కూడా ఒకటి. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పేలుడుకి ఊళ్లో కిటికీ అద్దాలు అదిరాయి. మా నానమ్మ భూకంపం అనుకుని పిల్లల్ని వీధిలోకి తెచ్చేసిందట, బ్లాకవుట్ చీకట్లో. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల మాటా రెండు రకాలు, అది వేరే కథ.

నా బాధల్లా విరాట్. 2016 ఫిబ్రవరిలో ఫ్లీట్ రివ్యూకి విశాఖ వచ్చింది. దాన్ని మన రాష్ట్రానికి మ్యూజియంగా ఇవ్వాలని అప్పటి ప్రభుత్వం అడిగింది కూడా. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకి లాగి 2002లో మ్యూజియం చెయ్యలేదా? విరాట్‌ని చెయ్యలేరా? 2020 సెప్టెంబర్‌లో విరగ్గొట్టడానికి గుజరాత్‌లోని అలంగ్‌కి లాక్కుపోయారు. సిగ్గుచేటు.

డెక్కు_మనిషి:
సార్, మీ కోపం నాకూ ఉంది. కానీ కురుసురతో పోలిక కుదరదు. అది 91 మీటర్లు, రెండు వేల టన్నుల లోపు. విరాట్ నిండు బరువు 28,700 టన్నులు. ఇసుక మీదకి లాగేది కాదు. బీచ్ ముందు లోతు తవ్వాలి, గోడ కట్టాలి, తుపానొస్తే (హుద్‌హుద్ మర్చిపోయారా?) అది కదలకుండా ఉండాలి. ఆ తర్వాత ఏటేటా పెయింటు, తుప్పు, పంపులు. మహారాష్ట్ర 2018లో 852 కోట్ల ప్రణాళికకి ఒప్పుకుని కూడా చెయ్యలేకపోయింది. పాత విక్రాంత్ మ్యూజియం అయ్యాక కూడా చివరికి జనం ఎక్కడం ప్రమాదమని మూసేశారు. ఓడ కింద నీళ్లలో కుళ్లిపోతూ పైన టిక్కెట్లు అమ్మే బదులు విరగ్గొట్టడమే నయం. ఇది నా మాట. స్కీ జంప్ ఒక్కటైనా కోసి తెచ్చి బీచ్ రోడ్డులో పెట్టి ఉంటే బాగుండేది, అది మాత్రం ఒప్పుకుంటాను.

బాయిలర్_అప్పన్న:
నాకు మాత్రం ఉంచాల్సిందే అనిపిస్తాది. మా మనవడికి బాయిలర్ రూము సూపించాలి కదా. ఫొటో కూడా లేదు నా కాడ, అక్కడ కెమెరా ఎవుడు తేనిస్తాడు.

వ్యూహకర్త_99:
ఈ రోజుల్లో వాహక నౌకలు దండగ. ఒక్క క్షిపణి చాలు. ఆ డబ్బుతో జలాంతర్గాములు…

మోడరేటర్:
వ్యూహకర్త గారూ, ఆ వాదనకి వేరే చర్చ తెరవండి. ఇక్కడ పెద్దవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు.

నేవీనగర్_అక్క:
ఇంతసేపూ చదివాను, ఇప్పుడు నేనూ ఒకటి చెప్తా. మావారు హారియర్ స్క్వాడ్రన్‌లో టెక్నీషియన్. మేము గోవాలో కొన్నాళ్లు, ముంబై నేవీ నగర్‌లో కొన్నాళ్లు ఉన్నాం.

మగవాళ్లు ఆవకాయ కథలే చెప్తారు. నేను రాసిన ఉత్తరాల మీద చిరునామా 'కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్, ముంబై'. ఓడ ఎక్కడుందో మాకు చెప్పరు కదా. ఉత్తరం ఎప్పుడు అందుతుందో తెలియదు. పాపకి జ్వరం అని రాస్తే, తగ్గి బడికి పోతున్నప్పుడు "జ్వరం ఎలా ఉంది" అని జవాబొచ్చేది. ఓడ రేవుకొచ్చిందంటే లయన్ గేట్ బయట ఎస్.టి.డి. బూత్ ముందు తెల్ల బట్టల క్యూ. పరాక్రమ్ అప్పుడు నెలలు నెలలు అదీ లేదు.

ఇప్పుడు మావారికి ఎడమ చెవి సరిగా వినపడదు. టీవీ మోత వీధి చివరికి వినిపిస్తుంది. డాక్టర్ మెషీన్ పెట్టుకోమంటే పెట్టుకోరు. హారియర్ల సంగతి అడగండి, అప్పుడు మాత్రం అన్నీ వినిపిస్తాయి. 2016 మేలో గోవాలో వాటికి వీడ్కోలు చెప్పినప్పుడు టీవీ ముందు నుంచి లేవలేదు, అన్నం కూడా అక్కడే.

అయితే ఒక్కరోజు మాత్రం నాకూ ఇష్టం. కుటుంబాల్ని ఓడ మీద సముద్రంలోకి తీసుకెళ్లిన రోజు. హారియర్ గాల్లో ఆగినప్పుడు పాప ఏడుపు లంకించుకుంది, నేను కూడా దాదాపు అంతే. ఆయన దూరం నుంచి మావైపు చూసి నవ్వారు, మళ్లీ పనిలో పడిపోయారు. ఇంట్లో ఎప్పుడూ వస్తువులు వెతుక్కునే మనిషి, అక్కడ చూడకుండానే చెయ్యి చాపితే పానా అందింది. ఈయన ఇంత పనిమంతుడని నాకు అంతవరకూ తెలియదు.

డెక్కు_మనిషి:
అమ్మా, సార్‌కి నా సెల్యూట్ చెప్పండి. చెవి మెషీన్ పెట్టుకోమని నేనూ అన్నానని చెప్పండి, నేను పెట్టుకున్నాను. స్క్వాడ్రన్ వాళ్లు మమ్మల్ని 'గొలుసుగాళ్లు' అని ఏడిపించేవారు, ఆ బాకీ ఒకటి ఉంది.

కోనసీమ_కుక్కు:
అలిజే అబ్బాయి గారూ, ఆ బండి ఇంకా ఉందాండీ?

అలిజే_అబ్బాయి:
ఉందండీ. మైలేజీ పడిపోయింది. మా ఆవిడ అమ్మేయమంటుంది, పార్టులకి ఇబ్బందిగా ఉందని. అమ్మను.

బీచ్‌రోడ్_వాసి:
విశాఖ వచ్చినవాళ్లు చెప్పండి. కురుసుర, దాని ఎదురుగా టి.యు.142 విమానం, పక్కనే 1971 విజయ స్మారకం, మూడూ నడిచి చూసేయొచ్చు. టీలు నావి. విరాట్ గురించి వాదన మాత్రం ఆపను.

బాయిలర్_అప్పన్న:
నానొస్తాను. ఆదివారమైతే మా మనవడు దింపుతాడు.

కరీంనగర్_తమ్ముడు:
అన్నా, ఇంకొక్క డౌటు. నాకు ఈత రాదు. మా ఊర్ల బావిల దుంకుడు గూడ ఇంట్ల ఒప్పుకోలే. సెలెక్ట్ చేస్తరా?

బాయిలర్_అప్పన్న:
నాకూ రాదు బాబూ, నాను ఎళ్లినప్పుడు. నేర్పుతారు. నేర్పేవోడు పక్కనుండి తోసేస్తాడు, అంతే. రేపట్నుంచి పరుగు మాత్రం మొదలెట్టు.